లారీకి ఎగ్జాస్ట్ టెంపరేచర్ సెన్సార్ బిగించడం ఎలా

గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల ఘాట్‌లో లోడు బండి ఎక్కిస్తున్నప్పుడు డ్రైవరు కళ్ళు రోడ్డు మీద ఉంటాయి, మధ్యమధ్యలో నీళ్ళ టెంపరేచర్ ముల్లు మీదకు పోతుంటాయి. ముల్లు ఎర్రగీతకు దూరంగా ఉంటే ధైర్యం. నేనూ అలాగే నేర్చుకున్నాను. ఒక మే నెల మధ్యాహ్నం ఆ ముల్లు సగంలోనే ఉండగా బండి పిక్కప్ ఒక్కసారిగా పడిపోయింది. ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే బ్రీదర్ గొట్టం నుంచి గుప్పుగుప్పుమని పొగ. హెడ్ దించి చూస్తే ఒక పిస్టన్ అంచు మైనంలా కరిగి పక్కకు జారి ఉంది. ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో పూడుకుపోయింది, పైగా అంతకు నెల ముందే లోడు లాగడం లేదని పంపులో డీజిల్ పెంచి ఉంది. గాలి తక్కువ, డీజిల్ ఎక్కువ, ఎదురుగా ఎత్తు. ఇంజన్ పనికి పెట్టిన డబ్బు సంగతి అటుంచితే, బండి నెల రోజులు షెడ్డులో నిలబడింది. ఫైనాన్స్ కిస్తీ మాత్రం ఆగదు కదా.

ఇంజన్ బ్లాకు, అందులో తిరిగే నీళ్ళు వేడెక్కడానికి నిమిషాలు పడుతుంది. సిలిండర్ నుంచి బయటికి వచ్చే పొగ వేడి మాత్రం ఎక్సలేటర్ తొక్కిన రెండు మూడు సెకన్లలోనే మారిపోతుంది. పిస్టన్ తలకు తగిలేది ఆ మంటే. ఆ వేడిని టర్బోకు (పొగతో తిరుగుతూ ఇంజన్‌లోకి ఎక్కువ గాలి తోసే చక్రానికి) ముందే కొలిచి డ్రైవరుకు చూపించేదే ఎగ్జాస్ట్ టెంపరేచర్ సెన్సార్. పాత మోడల్ లారీ నడిపే ప్రతి ఓనరూ ఇది బిగించుకోవాలని నా గట్టి అభిప్రాయం. పని ఒక రోజుది. కానీ అందులో ఒక్క చోట అజాగ్రత్తగా ఉంటే టర్బో పోతుంది. ఆ చోటు గురించి కింద వివరంగా రాస్తాను.

ఏ బండికి, ఏ బండికి వద్దు

పంపు, పైపులతో నడిచే పాత టర్బో డీజిల్ ఇంజన్లకు ఇది చాలా బాగా పనికొస్తుంది. టాటా 2515, 2518 లాంటి పది టైర్ల బండ్లలో వచ్చిన కమ్మిన్స్ 5.9 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్‌ను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. టాటా, కమ్మిన్స్ కలిసి 1993లో పెట్టిన జంషెడ్‌పూర్ కంపెనీ నుంచి వచ్చిన ఇంజన్ అది. అదే కుటుంబానికి చెందిన 5.9 ఇంజన్ అమెరికాలో 1989 నుంచి 2007 వరకు డాడ్జ్ రామ్ పికప్ బండ్లలో వచ్చింది. అక్కడ ట్రెయిలర్ లాగే వాళ్ళు కొత్త బండి కొన్నాక మొదట బిగించుకునే వాటిలో ఈ మీటర్ ఒకటి. అందుకే ఈ ఇంజన్ మీద ఎక్కడ రంధ్రం వేయాలి, ఎంత వేడి వరకు పర్వాలేదు అన్నది చాలామంది చేసి చూసిన పనే.

2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 బండి అయితే మానిఫోల్డ్ (సిలిండర్ల పొగను కలిపి టర్బోకు పంపే పోత ఇనుప గొట్టం) మీద డ్రిల్ పెట్టకండి. వాటి ఎగ్జాస్ట్ లైన్‌లో కంపెనీ సెన్సార్లు ముందే ఉంటాయి, ఇంజన్ కంప్యూటరు (ఈసీయూ) వాటిని చూసుకుంటూనే పొగలోని మసి పట్టే ఫిల్టర్ శుభ్రం చేసుకుంటుంది. ఆ సెన్సార్లలో చాలావరకు ఇక్కడ నేను చెప్పబోయే రకానికి చెందినవి కావు, రెసిస్టెన్స్ మారడాన్ని బట్టి పనిచేసేవి. ఒకటి పాడైతే అదే పార్ట్ నంబరు తెచ్చి అదే స్థానంలో వేయాలి. ముందుదీ వెనకదీ చూడ్డానికి ఒకేలా ఉన్నా వాటిని మార్చి పెట్టకూడదు. యూరియా డబ్బా ఉన్న బీఎస్-4 బండ్లకూ ఇదే మాట.

ఏం కొనాలి

మీకు కావాల్సింది కె టైప్ థర్మోకపుల్ ప్రోబు (పొగ దారిలోకి దూర్చే సెన్సార్ పుల్ల), దానికి సరిపడే మీటరు. కె టైప్ అంటే రెండు వేర్వేరు లోహాల తీగలు చివర కలిపినది. ఒకటి నికెల్-క్రోమియం, రెండోది నికెల్-అల్యూమినియం. ఆ కొన వేడెక్కితే తీగల రెండో చివర చాలా చిన్న వోల్టేజీ పుడుతుంది. డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు, అంటే వోల్టులో పది లక్షల భాగాలు చేస్తే అందులో 41. ఇంత చిన్న సంకేతం కాబట్టే వైరింగ్ దగ్గర జాగ్రత్త అవసరం.

ప్రోబు గొట్టం 3 మి.మీ.వి దొరుకుతాయి, 6 మి.మీ.వి దొరుకుతాయి. సన్నది వేడిని త్వరగా చూపిస్తుంది. లావుది ఒకటి రెండు సెకన్లు ఆలస్యమైనా గట్టిగా ఉంటుంది. లారీ కుదుపులకు నేను లావుదే వేస్తాను, ఎందుకంటే ఈ ప్రోబు కొన విరిగితే నేరుగా టర్బో చక్రంలోకే పోతుంది. గొట్టం ఇన్‌కొనెల్‌ది దొరికితే అదే తీసుకోండి. మామూలు స్టెయిన్‌లెస్ కూడా నడుస్తుంది కానీ ఆ వేడిలో ఎక్కువ కాలం మన్నదు. కొన మూసి ఉన్న రకమే కావాలి. తీగ కొన బయటికి కనబడే రకం మసి పట్టి తొందరగా పోతుంది.

మీటరు కొనేటప్పుడు మనవాళ్ళు ఎక్కువగా మోసపోయేది వోల్టేజీ దగ్గర. ఆన్‌లైన్‌లో దొరికే గుండ్రటి మీటర్లు చాలావరకు 12 వోల్టులవి, కార్లకూ పికప్‌లకూ చేసినవి. లారీ 24 వోల్టులది, ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు 28 వరకు పోతుంది. 24 వోల్టులకు పనికొస్తుందని పెట్టె మీద రాసి ఉంటేనే తీసుకోండి. లేదంటే 24 నుంచి 12కు దించే కన్వర్టర్ ఒకటి విడిగా కొనండి. ఫ్యాక్టరీల ప్యానెల్ బోర్డుల్లో వాడే డిజిటల్ ఇండికేటర్లు కూడా కె టైప్‌తో పనిచేస్తాయి. వాటిలో ఎక్కువ 230 వోల్టుల కరెంటువి కాబట్టి 24 వోల్టుల డీసీ రకం అని అడిగి తీసుకోవాలి. బజర్ ఉన్న మీటరుకు కాస్త ఎక్కువ అడిగినా ఇచ్చేయండి. ఘాట్ మలుపుల్లో డ్రైవరు మీటరు వైపు చూస్తూ కూర్చోలేడు.

ఇక మానిఫోల్డ్‌లో బిగించే ఫిట్టింగ్. ఇంపోర్ట్ కిట్లలో ఎక్కువగా వచ్చేది అమెరికా మర, 1/8 ఇంచ్ ఎన్‌పీటీ. మన హార్డ్‌వేర్ షాపుల్లో సులువుగా దొరికే ట్యాప్ (రంధ్రంలో మర కోసే పనిముట్టు) బ్రిటిష్ మరది, 1/8 బీఎస్‌పీ. రెండూ పక్కపక్కన పెడితే ఒకేలా కనిపిస్తాయి, చేత్తో తిప్పితే ఒకదాంట్లో ఒకటి రెండు మూడు చుట్లు ఎక్కుతాయి కూడా. కానీ ఎన్‌పీటీకి ఇంచికి 27 మరలు, 60 డిగ్రీల కోణం. బీఎస్‌పీకి 28 మరలు, 55 డిగ్రీల కోణం. ఒకదానికి కొట్టిన ట్యాప్‌లో రెండోది బిగిస్తే కొన్నాళ్ళకు పొగ లీకవుతుంది, లేదా మర తెగుతుంది. ఫిట్టింగ్ ఏదో ముందు తేల్చుకుని ట్యాప్ అదే కొనండి. విజయవాడ జవహర్ ఆటోనగర్ లాంటి చోట లేత్ షాపు వాళ్ళ దగ్గర రెండు ట్యాపులూ ఉంటాయి, ఫిట్టింగ్ చేతికిచ్చి సరిచూడమంటే నిమిషంలో చెప్పేస్తారు.

ఇవి కాక 3, 6, 8.7 మి.మీ. డ్రిల్ బిట్లు, సెంటర్ పంచ్, టర్బో ప్యాకింగ్ కొత్తది, మరలు వేడికి పట్టేయకుండా రాసే యాంటీ సీజ్ పేస్టు (నికెల్ లేదా రాగి కలిసినది), వైర్లకు గ్లాస్ ఫైబర్ స్లీవు, రబ్బరు గ్రోమెట్లు, 2 ఆంపియర్ల ఫ్యూజు హోల్డరుతో, చిన్న అయస్కాంతం సిద్ధం చేసుకోండి. టెఫ్లాన్ టేపు తేవద్దు. మానిఫోల్డ్ వేడికి అది కాలిపోతుంది.

బిగించే ముందు నీళ్ళలో పరీక్ష

ప్రోబును మీటరుకు కలిపి, మీటరుకు బ్యాటరీ ఇచ్చి, కొనను మరుగుతున్న నీళ్ళలో ముంచండి. విజయవాడ, నెల్లూరు లాంటి చోట 100కు దగ్గరగా చూపించాలి. హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉంది కాబట్టి అక్కడ నీళ్ళు 98 దగ్గరే మరుగుతాయి. అలా చూపిస్తే మీటరులో తప్పేమీ లేదు. తర్వాత ఐసు ముక్కలు నిండుగా వేసిన నీళ్ళలో ముంచితే సున్నాకు దగ్గరగా రావాలి. అయిదారు డిగ్రీల తేడా మన పనికి పట్టించుకోనక్కర్లేదు. వేడి నీళ్ళలో పెట్టినప్పుడు ముల్లు పైకి పోకుండా కిందికి దిగితే ప్లస్, మైనస్ తారుమారయ్యాయని అర్థం. ఈ పరీక్షకు పది నిమిషాలు పడుతుంది. అంతా బిగించాక తప్పు బయటపడితే మళ్ళీ ఒక పూట పోతుంది.

వైరు రంగుల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. అమెరికా కిట్లలో కె టైప్‌కు పసుపు ప్లస్, ఎరుపు మైనస్. బ్యాటరీ వైర్లలో ఎరుపు అంటే ప్లస్ అని అలవాటైన మన ఎలక్ట్రీషియన్ నూటికి తొంభై సార్లు దీన్ని తిరగేసి కలుపుతాడు. అంతర్జాతీయ పద్ధతిలో వచ్చిన వాటికి ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. రంగు మాసిపోతే అయస్కాంతం దగ్గర పెట్టి చూడండి. కొద్దిగా అతుక్కునేది నికెల్-అల్యూమినియం తీగ, అదే మైనస్.

రంధ్రం ఎక్కడ

టర్బో తర్వాత, సైలెన్సర్ పైపు మీద వేస్తే పని చాలా సులువు. టర్బో దించక్కర్లేదు, ముక్క లోపల పడినా ప్రమాదం లేదు. చాలామంది మెకానిక్‌లు అక్కడే వేద్దామంటారు. నేను వద్దంటాను. టర్బో తిరగడానికి కావాల్సిన శక్తి ఆ పొగ వేడి నుంచే తీసుకుంటుంది కాబట్టి టర్బో దాటాక పొగ చల్లబడుతుంది. లోడు మీద ఈ తేడా 100 నుంచి 150 డిగ్రీల వరకు ఉంటుంది, అదీ ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఘాట్‌లో ఎక్కువ, చదును మీద తక్కువ. అంటే సరిగ్గా ప్రమాదం ఉన్న చోటే మీటరు తక్కువ చూపిస్తుంది. పిస్టన్‌కు తగిలే వేడి తెలియాలంటే ప్రోబు టర్బోకు ముందు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోనే ఉండాలి.

మానిఫోల్డ్‌లో ఒక్క సిలిండరు దారిలో వేస్తే ఆ సిలిండరు సంగతే తెలుస్తుంది. మూడు సిలిండర్ల పొగ కలిసిన తర్వాత, టర్బో కూర్చునే ఫ్లాంజికి రెండు మూడు ఇంచులు ముందు చోటు చూడండి. చాలా ఆరు సిలిండర్ల ఇంజన్లలో మానిఫోల్డ్ లోపల గోడ ఉండి, ముందు మూడు సిలిండర్ల పొగ ఒక దారిలో, వెనక మూడింటిది ఇంకో దారిలో టర్బోకు వెళ్తుంది. అలాంటి దానికి వెనక మూడింటి వైపు వేయండి. రేడియేటరు నుంచి వచ్చే చల్లటి నీళ్ళు ముందు సిలిండర్లకు ముందు అందుతాయి, వెనకవి సాధారణంగా కాస్త వేడిగా నడుస్తాయి. గోడ మీదికే డ్రిల్ పోకుండా, టర్బో దించాక లోపలికి టార్చ్ వేసి గోడ ఎక్కడుందో చూసి, బయట చాక్‌పీసుతో గీత పెట్టుకోండి.

ప్రోబు పైనుంచిగానీ పక్కనుంచిగానీ లోపలికి వెళ్ళాలి. కింది నుంచి పెడితే ఫిట్టింగ్‌లో మసి, తడి చేరతాయి. పానా తిప్పడానికి చోటుందా, పైన గాలి పైపు తగులుతుందా, స్టడ్డుకు మరీ దగ్గరగా ఉందా అన్నవి డ్రిల్ పెట్టకముందే చూసుకోవాలి. పోత ఇనుములో ఒకసారి రంధ్రం పడితే పూడ్చడం కష్టం. మానిఫోల్డ్ వెల్డింగ్ నిలవదు, పక్కన పగులు వస్తుంది.

టర్బో దించడం, డ్రిల్ వేయడం

పైన చెప్పిన ఒక్క చోటు ఇదే. మానిఫోల్డ్ నుంచి పొగ నేరుగా టర్బో లోపలి చక్రానికి తగులుతుంది. ఆ చక్రం నిమిషానికి లక్ష చుట్లకు దగ్గరగా తిరుగుతుంది. అంత వేగంలో దాని రెక్కకు చిన్న ఇనుప ముక్క తగిలినా రెక్క వంగుతుంది, బ్యాలెన్స్ పోతుంది, కొద్ది రోజుల్లో బుష్‌లు పోతాయి. అందుకే టర్బో దించి పని చేయండి. ఇంకా వీలైతే మానిఫోల్డ్ కూడా దించి, లేత్ షాపులో డ్రిల్ మెషీన్ కింద పెట్టి వేయించండి. నా మట్టుకు నేను ఇప్పుడు మానిఫోల్డ్ దించే చేస్తాను. రంధ్రం నిటారుగా వస్తుంది, లోపల కడిగేసి బిగించవచ్చు, మనసుకు టెన్షన్ ఉండదు.

ముందురోజు సాయంత్రమే టర్బో నట్లకు, మానిఫోల్డ్ బోల్టులకు తుప్పు వదిలించే ఆయిల్ కొట్టి ఉంచండి. పొద్దున్నే, ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. చదునైన చోట బండి ఆపి, చక్రాలకు చెక్క దిమ్మెలు పెట్టి, బ్యాటరీ మైనస్ తీసేయండి. క్యాబిన్ ఎత్తే రకం అయితే లాక్ పడిందో లేదో రెండుసార్లు చూడండి. దాని కింద తలపెట్టేది మీరే. టర్బో ఆయిల్ పైపులు విప్పగానే రెండు వైపులా శుభ్రమైన గుడ్డ కట్టండి. గాలి గొట్టాలకూ అంతే. నట్టు కదలకపోతే పైపు వేసి బలంగా లాగొద్దు, స్టడ్డు తెగుతుంది. గ్యాస్ వెల్డింగ్ మంటతో నట్టును మాత్రం వేడి చేసి విప్పండి. ఆయిల్ పైపు విప్పిన చోటికి మంట తీసుకెళ్ళకండి.

గుర్తు పెట్టిన చోట సెంటర్ పంచ్‌తో గట్టిగా ఒక దెబ్బ. తర్వాత 3 మి.మీ. బిట్, ఆపైన 6, చివర 8.7. పోత ఇనుముకు నూనె అక్కర్లేదు, పొడిగానే తెగుతుంది, పొట్టు నల్లటి పొడిలా రాలుతుంది. స్పీడు తక్కువ పెట్టండి. బిట్ అవతలికి దిగే సమయంలో ఒత్తిడి తగ్గించకపోతే బిట్ పట్టేసి విరుగుతుంది, చేయి మెలిపడుతుంది. కళ్ళద్దాలు తప్పనిసరి.

ట్యాప్‌కు కాస్త గ్రీజు రాసి, నిటారుగా పెట్టి, అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ కొట్టండి. ఎన్‌పీటీ ట్యాప్ కింద సన్నంగా పైన లావుగా ఉంటుంది. పూర్తిగా కిందికి దించేస్తే రంధ్రం వదులైపోయి ఫిట్టింగ్ లోపలికి దిగిపోతుంది. కొన్ని చుట్లు తిప్పగానే ట్యాప్ తీసి ఫిట్టింగ్ పెట్టి చూడండి, చాలకపోతే ఇంకో చుట్టు. చేత్తో మూడు చుట్లు ఎక్కి, ఆపైన పానాతో రెండు చుట్లు బిగిసేలా ఉంటే సరిపోయినట్టు.

అయ్యాక మానిఫోల్డ్ లోపలంతా డీజిల్‌తో కడిగి, కంప్రెసర్ గాలితో ఊది, అయస్కాంతం తిప్పి, వేలితో రంధ్రం అంచు తడిమి చూడండి. అంచున వేలాడే ముక్క ఉంటే ఆకురాయితో తీసేయండి. డీజిల్ తడి పూర్తిగా ఆరాకే బిగించాలి.

స్టడ్డులు మరీ తుప్పుపట్టి దించలేని పరిస్థితి వస్తుందా, వస్తుంది. కొందరు అప్పుడు ఇంజన్‌ను ఎక్సలేటర్ తొక్కకుండా ఐడిల్‌లో నడిపి, చివరి కొసరు డ్రిల్లు అలాగే వేస్తారు. లోపలి పొగ ఒత్తిడి పొడిని బయటికి తోస్తుందని వాళ్ళ లెక్క. చాలావరకు తోస్తుంది కూడా. కానీ వేడి పొడి మొహం మీదికి ఎగురుతుంది, తిరిగే ఫ్యాను పక్కనే ఉంటుంది, ట్యాప్ కొట్టేటప్పుడు రాలే ముక్కలకు ఆ హామీ లేదు. నేను ఇది చేయమని చెప్పలేను. తప్పనిసరై టర్బో ఉండగానే వేయాల్సి వస్తే ఇంజన్ ఆపి, బిట్‌కు దట్టంగా గ్రీజు పూసి, రెండు మిల్లీమీటర్లకు ఒకసారి బిట్ తీసి తుడిచి, చివర అయస్కాంతపు పుల్లతో, వ్యాక్యూమ్‌తో లోపల శుభ్రం చేయండి.

ప్రోబు కూర్చోబెట్టడం

ఫిట్టింగ్ మరలకు మాత్రమే యాంటీ సీజ్ పూయండి, ప్రోబు కొనకు పూయొద్దు. ఫిట్టింగ్ బిగించి, ప్రోబును లోపలికి తోసి, కొన పొగ దారికి సరిగ్గా మధ్యలో ఉండేలా లోతు చూసుకోండి. మానిఫోల్డ్ దించి ఉంటే లోపలికి చూసే పెట్టుకోవచ్చు. లేకపోతే సన్నటి కడ్డీ రంధ్రంలో పెట్టి ఎదుటి గోడ వరకు లోతు కొలిచి, మానిఫోల్డ్ మందం తీసేసి, మిగిలిన దానిలో సగం లెక్క వేసి, గోడ లోపలి అంచు నుంచి అంత లోతుకు కొన దించండి. కొన గోడకు తగిలితే పొగ వేడికి బదులు ఇనుము వేడి చూపిస్తుంది. మరీ పైన ఆగిపోతే అంచున పారే చల్లటి పొరను చూపిస్తుంది. పై నట్టు బిగించగానే లోపలి రింగు ప్రోబు గొట్టాన్ని పట్టేసుకుంటుంది, తర్వాత లోతు మార్చడం కుదరదు. అందుకే చివరి బిగింపుకు ముందు ఇంకోసారి కొలవండి.

టర్బో ఎక్కించేటప్పుడు ప్యాకింగ్ కొత్తదే వేయండి. బిగింపు మీ ఇంజన్ మాన్యువల్‌లో ఉన్న టార్క్ ప్రకారం. ఆయిల్ పైపు కలిపే ముందు టర్బో ఆయిల్ రంధ్రంలో శుభ్రమైన ఇంజన్ ఆయిల్ కొద్దిగా పోసి, చక్రం చేత్తో తిప్పండి. బ్యాటరీ మైనస్ తిరిగి పెట్టేది మాత్రం వైరింగ్ అంతా అయ్యాకే. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ఇంజన్ ఆపే లివరు లాగి పట్టుకుని పది సెకన్లు సెల్ఫ్ కొట్టండి. టర్బోకు ఆయిల్ అందాకే ఇంజన్ మండాలి.

వైరింగ్

ప్రోబు నుంచి మీటరు వరకు వెళ్ళే వైరు కె టైప్ వైరే అయి ఉండాలి. పొడవు చాలలేదని మధ్యలో మామూలు రాగి వైరు అతికితే, ఆ అతుకు ఉన్న చోటి వేడి కూడా లెక్కలోకి వచ్చి మీటరు తప్పు చూపిస్తుంది. ఇంజన్ పక్కన 80 డిగ్రీల వేడిలో అతుకు ఉంటే తప్పు నలభై యాభై డిగ్రీలు పోవచ్చు. చాలకపోతే కె టైప్ ఎక్స్‌టెన్షన్ వైరు అని అడిగి కొనండి. కిట్‌తో వచ్చిన వైరు ఎక్కువైతే కత్తిరించకుండా చుట్ట చుట్టి డ్యాష్‌బోర్డు వెనక కట్టండి.

వైరును టర్బోకు, సైలెన్సర్ పైపుకు ఒక జానెడు దూరంగా పోనివ్వండి, దగ్గరగా పోక తప్పని చోట గ్లాస్ ఫైబర్ స్లీవు తొడగండి. ఎక్కువ ప్రోబులకు పైన స్టీలు జాలీ ఉంటుంది. అది సెల్ఫ్ మోటారు బ్యాటరీ టెర్మినల్‌కు తగిలితే మంటలే. ఆ వైపు అసలు పోనివ్వకండి. క్యాబిన్ ఎత్తే బండిలో మడతపడే దగ్గర వైరు కొంచెం వదులుగా ఉంచి, క్యాబిన్ పూర్తిగా ఎత్తి, దించి, లాగుతుందేమో చూడండి. క్యాబిన్ రేకులోంచి పోయే చోట రబ్బరు గ్రోమెట్ లేకపోతే ఆరు నెలల్లో రేకు అంచు వైరును కోసేస్తుంది.

మీటరు కరెంటు ఇగ్నిషన్ ఆన్ చేస్తేనే వచ్చే లైను నుంచి, ఫ్యూజుతో తీసుకోండి. 12 వోల్టుల మీటరు అని రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి మాత్రమే తీసే అలవాటు చాలా చోట్ల ఉంది. రేడియోలకూ అదే చేస్తారు. అలా చేస్తే ఒక బ్యాటరీ ఎప్పుడూ తక్కువ ఛార్జింగ్‌తో, రెండోది ఎక్కువ ఛార్జింగ్‌తో ఉండి రెండూ ముందే పోతాయి. కన్వర్టరే సరైన దారి. ఎర్త్‌కు పెయింటు గీకి, గట్టి బోల్టు కింద వేయండి. ఎర్త్ వదులైతే హారను కొట్టినప్పుడల్లా అంకె ఎగురుతుంది.

మీటరును స్టీరింగ్ దగ్గర, కళ్ళు రోడ్డు మీంచి ఎక్కువ తిప్పక్కర్లేని చోట పెట్టండి.

మొదటి రోజు, ఆ తర్వాత

స్టార్ట్ చేయగానే ముల్లు కదలాలి. ఐడిల్‌లో 120 నుంచి 200 మధ్య నిలబడుతుంది. ఫిట్టింగ్ చుట్టూ చిటపట శబ్దం, నల్లటి మసి గీత వస్తే లీకు. చల్లారాక ఇంకొంచెం బిగించండి. మొదటి రెండు మూడు ట్రిప్పుల తర్వాత టర్బో నట్లు, ఫిట్టింగ్ ఒకసారి మళ్ళీ చూడాలి, వేడికి సాగి సర్దుకుంటాయి.

ఖాళీ బండి చదును రోడ్డు మీద 300-400 చూపిస్తుంది. లోడుతో 400-550. ఘాట్‌లో 600 దాటడం మామూలే. ఎక్కువసేపు నిలకడగా 675 దాటనివ్వకూడదు. ఇంపోర్ట్ మీటరు ఫారెన్‌హీట్‌లో ఉంటే అది 1250. ఒక ఓవర్‌టేక్‌లో కొన్ని సెకన్లు 700 తాకినా భయపడక్కర్లేదు, రెండు కిలోమీటర్ల ఎత్తు పొడవునా అక్కడే ఉంటే మాత్రం పిస్టన్‌కూ టర్బోకూ ప్రమాదం. బజరును 650కి పెట్టుకోండి, స్పందించడానికి సమయం ఉంటుంది.

బజరు మోగితే ముందు ఎక్సలేటర్ కొంచెం వదలండి, తర్వాత ఒక గేరు తగ్గించండి. మన డ్రైవర్లలో చాలామంది డీజిల్ ఆదా అని పెద్ద గేరులోనే, ఇంజన్ మూలుగుతున్నా, ఎక్సలేటర్ కింది వరకు తొక్కి ఎక్కిస్తారు. అప్పుడు ఇంజన్ తిరిగే వేగం తక్కువ, గాలి తక్కువ, డీజిల్ మాత్రం పూర్తిగా పోతోంది. వేడి పెరిగేది అందుకే. గేరు తగ్గిస్తే ఇంజన్ తిరుగుతుంది, టర్బో గాలి తోస్తుంది, మీ కళ్ళ ముందే అంకె 50-60 డిగ్రీలు దిగుతుంది. ఒక్కసారి ఇది చూసిన డ్రైవరుకు మళ్ళీ చెప్పక్కర్లేదు. నా దగ్గర పనిచేసిన కుర్రాడికి నెలల తరబడి చెప్పినా ఎక్కని గేరు సంగతి, మారేడుమిల్లి ఘాట్‌లో ఒక్క ట్రిప్పుతో ఎక్కింది.

అదే రోడ్డు, అదే లోడు, అదే గేరు, కానీ అంకె గతంలో కంటే 50 డిగ్రీలు ఎక్కువ చూపిస్తే ఇంజన్ ఏదో చెబుతోంది. మొదట ఎయిర్ ఫిల్టర్. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో తిరిగే బండికి ఇది నెలలు ఆగదు. రెండోది టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కు పోయే గొట్టాలు, క్లాంపులు. వదులైన చోట ఆయిల్ తడి, దుమ్ము అంటుకుని కనబడుతుంది. మూడోది ఇంటర్‌కూలర్ మీద పేరుకున్న బురద. ఇవన్నీ బాగుంటే నాజిళ్ళు, పంపు టైమింగ్ చూపించండి. పంపు పనికి ఇచ్చినప్పుడు మాత్రం డీజిల్ పెంచమని అడగొద్దు. పెంచితే పొగ నల్లబడుతుంది, వేడి పెరుగుతుంది. డీజిల్ ఇంజన్‌లో డీజిల్ ఎక్కువైన కొద్దీ మంట వేడెక్కుతుంది. పెట్రోలు బండ్ల అనుభవం ఇక్కడ పనికిరాదు.

బండి ఆపేటప్పుడూ ఈ మీటరు పనికొస్తుంది. ఘాట్ ఎక్కి, లేదా హైవే మీద లాగి, దాబా దగ్గర ఆపగానే తాళం తిప్పేస్తే టర్బోలో ఆయిల్ ఆగిపోతుంది. ఎర్రగా కాలిన ఇనుము మీద ఆ ఆయిల్ మాడి బొగ్గవుతుంది, బుష్‌లు అరుగుతాయి. మూడు నాలుగు నిమిషాలు ఐడిల్‌లో ఉంచమని అందుకే అంటారు. ఇప్పుడు నిమిషాలు లెక్కపెట్టక్కర్లేదు, అంకె 150-170కి దిగాక ఆపండి. ఊళ్ళో నెమ్మదిగా వచ్చి ఆపితే ఒక నిమిషంలోనే దిగుతుంది, ఘాట్ ఎక్కి వెంటనే ఆపితే అయిదు నిమిషాలైనా పడుతుంది.

ప్రోబు ఎప్పటికీ మన్నదు. ఏడాదికోసారి, ఆయిల్ మార్చేటప్పుడు, చల్లటి ఇంజన్ మీద దాన్ని విప్పి చూడండి. కొన సన్నబడినా, గుంటలు పడినా, వంగినా మార్చేయండి. బాగుంటే మసి గుడ్డతో తుడిచి, మరుగుతున్న నీళ్ళలో ఇంకోసారి ముంచి, అంకె సరిచూసుకుని తిరిగి బిగించండి.